ఎవరిని చేర్చుకొనవలెను? ఒక వైద్యుల సంఘపు సభ్యత్వ నియమముల చరిత్ర

శతజయంతి సంచికలలో సాధారణముగా మిషనెరీల సేవ, మందిరముల నిర్మాణము, పాఠశాలల స్థాపన మొదలగు విషయములు చోటుచేసికొనును. వాటిని వ్రాయుటకు మన అధ్యక్ష మండలములో నాకంటె పెద్దలు, అనుభవజ్ఞులు ఉన్నారు. నేను ఈ వ్యాసములో అమెరికా దేశపు వైద్యుల జాతీయ సంఘమును గూర్చి, ముఖ్యముగా అందులో చేరుటకు పెట్టిన షరతులను గూర్చి వ్రాయదలచితిని. ఈ సంచికలో దీనికి చోటేమని కొందరు అడుగవచ్చును. మందిరములో కూడుకొను విశ్వాసులను మనము సంఘము అనుచున్నాము. వైద్యులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు కూడుకొన్నను సంఘము అనియే అనుచున్నాము. ఏ సంఘమైనను మొదట తేల్చుకొనవలసిన ప్రశ్నలు రెండు: ఎవరిని చేర్చుకొనవలెను? ఆ నిర్ణయము ఎవరి చేతిలో నుండవలెను? మొదటి ప్రశ్నకు మంచి మాటలతో జవాబు చెప్పి, రెండవ ప్రశ్నలో తప్పిపోయిన ఒక సంఘపు చరిత్ర ఇది. అది సంఘ సభ్యులమైన మనము కూడ తెలిసికొనదగినది.

సంఘము ఏర్పడిన విధము

అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1847 మే నెలలో ఫిలడెల్ఫియా నగరములో ఏర్పడినది. దేశము నలుమూలల నుండి సుమారు 250 మంది ప్రతినిధులు వచ్చిరి. ఈ పనికి ముఖ్యముగా పూనుకొన్నవారు నేథన్ స్మిత్ డేవిస్ అను యువ వైద్యులు.

ఆ రోజులలో ఆ దేశమందు వైద్యవృత్తి మిక్కిలి అస్తవ్యస్తముగా నుండెను. పలు రాష్ట్రములలో లైసెన్సు చట్టములు రద్దయిపోయెను. కొద్ది నెలలు ఉపన్యాసములు వినినవాడు డిగ్రీ పుచ్చుకొనెడివాడు. ఏమియు చదువనివాడు కూడ బోర్డు కట్టుకొని డాక్టరునని చెప్పుకొనెడివాడు. మన పల్లెలలో సైకిలు మీద సంచి తగిలించుకొని వచ్చి ప్రతి జ్వరమునకు సూది వేసిపోవువారిని మనము ఎరుగుదుము. కనుక ఆనాటి పరిస్థితిని ఊహించుట మనకు కష్టము కాదు.

ఆ స్థితిలో, చదువుకొన్న వైద్యుడెవరో చదువుకొనని వాడెవరో ప్రజలకు తెలియుటకు సంఘ సభ్యత్వము ఒక గుర్తుగా ఉపయోగపడినది. సంఘము ఒక నీతి నియమావళిని అంగీకరించినది. దానికి లోబడినవారికే సభ్యత్వము. శాస్త్రీయ విద్య లేనివారితోను, హోమియోపతి మొదలగు ఇతర పద్ధతుల వారితోను కలిసి రోగిని పరీక్షింపరాదని అందులో ఒక నియమము. స్థానిక సొసైటీలు, వైద్య కళాశాలలు, ఆసుపత్రులు పంపిన ప్రతినిధులే జాతీయ సభలో కూర్చుండెడివారు. నియమావళిలో ఎక్కడను జాతిని గూర్చి, వర్ణమును గూర్చి ఒక్క మాటయు లేదు. ఉద్దేశము రోగుల క్షేమము, విద్య యొక్క ప్రమాణము. ఇంతవరకు ఎవరును తప్పు పట్టుటకు వీలులేదు.

వాషింగ్టనులో జరిగినది

1861 నుండి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధము వలన అమెరికాలో బానిసత్వము తొలగిపోయినది. ఆ యుద్ధములో డాక్టర్ అలెగ్జాండర్ ఆగస్టా అను నల్లజాతి వైద్యులు మేజరు హోదాతో సైనిక వైద్యులుగా పని చేసిరి. స్వదేశములో వైద్య కళాశాల ప్రవేశము దొరకనందున ఆయన కెనడాలోని టొరంటోకు పోయి వైద్యశాస్త్రము అభ్యసించిరి. యుద్ధానంతరము వాషింగ్టనులోని హోవార్డ్ విశ్వవిద్యాలయములో వైద్య విద్యార్థులకు బోధించిరి.

1869లో డాక్టర్ ఆగస్టా, డాక్టర్ చార్లెస్ పర్విస్, డాక్టర్ ఆల్ఫియస్ టక్కర్ అను ముగ్గురు నల్లజాతి వైద్యుల పేర్లు వాషింగ్టను నగరపు మెడికల్ సొసైటీలో సభ్యత్వమునకు ప్రతిపాదింపబడెను. చదువును బట్టి ముగ్గురును అర్హులేనని సొసైటీ ఒప్పుకొన్నది. అయితే సభ్యుల ఓటు వచ్చుసరికి ముగ్గురును తిరస్కరింపబడిరి. ఇది పేరు పోయిన విషయము మాత్రమే కాదు. కష్టమైన కేసు వచ్చినప్పుడు సొసైటీ సభ్యులను సలహాకు పిలుచుకొను వీలు వారికి లేకపోయెను. ఆ నష్టము వైద్యునికంటె రోగికి ఎక్కువ.

ఈ సంగతి సెనేటర్ చార్లెస్ సమ్నర్ ద్వారా దేశపు కాంగ్రెసు వరకు పోయినది. న్యాయబుద్ధి గల కొందరు తెల్లజాతి వైద్యులు నల్లజాతి వైద్యులతో కలిసి 1870లో నేషనల్ మెడికల్ సొసైటీ అను మరియొక సొసైటీని స్థాపించిరి. అందులో ఉభయులును సభ్యులే.

అదే సంవత్సరము మే నెలలో జాతీయ సంఘము తన వార్షిక సభను వాషింగ్టనులోనే జరిపినది. పాత సొసైటీ ప్రతినిధులు, క్రొత్త సొసైటీ ప్రతినిధులు ఇరువురును వచ్చిరి. ఎవరిని కూర్చుండబెట్టవలెనను ప్రశ్నను నీతి విషయముల కమిటీకి అప్పగించిరి. కమిటీలో ఏకాభిప్రాయము కుదరలేదు. ఎక్కువమంది క్రొత్త సొసైటీని చేర్చుకొనరాదనిరి. తక్కువమంది, అర్హత గల వైద్యులను నిరాకరించుటకు కారణము లేదనిరి. చివరకు 114 ఓట్లకు 82 ఓట్లుగా క్రొత్త సొసైటీవారు తిరస్కరింపబడిరి. తెల్లవారు మాత్రమే యున్న పాత సొసైటీ ప్రతినిధులు లోపల కూర్చుండిరి.

పిమ్మట అదే సభ, ఈ నిర్ణయములో జాతికి గాని వర్ణమునకు గాని ఏ సంబంధమును లేదని ఒక తీర్మానము చేసినది. ఎవరి మనస్సులోను లేని మాటను లేదని చెప్పుటకు ఎవరును తీర్మానము చేయరు గదా!

అధికారము స్థానిక సొసైటీలకు

ఇట్టి తగవు ప్రతి సంవత్సరము జాతీయ సభకు రాకుండ చేయవలెనని పెద్దలు ఆలోచించిరి. డాక్టర్ డేవిస్ గారి సూచన మీద 1874లో నియమములు మారెను. అప్పటి నుండి ఏ స్థానిక సొసైటీని గుర్తింపవలెనో ఆయా రాష్ట్రపు సొసైటీ నిర్ణయించును. జాతీయ సంఘము అందులో జోక్యము చేసికొనదు. చదివినవారికి ఇది కార్యనిర్వహణకు సంబంధించిన మామూలు ఏర్పాటుగా కనబడును. నల్లజాతివారిని చేర్చుకొనరాదని అందులో ఎక్కడను లేదు. కాని దక్షిణ రాష్ట్రముల సొసైటీలు ఏమి చేయునో ఆ నియమము వ్రాసినవారికి తెలియును. మనము ఎవరిని నిరాకరింపలేదు అని చెప్పుకొను వీలు జాతీయ సంఘమునకు కలిగినది. నిరాకరించు పని జిల్లా సొసైటీలకు దక్కినది.

1901లో సంఘమును పునర్వ్యవస్థీకరించినప్పుడు ఈ ఏర్పాటు ఇంకను గట్టిపడినది. ముందు జిల్లా సొసైటీలో సభ్యుడు కావలెను. ఆ మీదట రాష్ట్ర సొసైటీ. ఆ మీదట జాతీయ సంఘము. మొదటి మెట్టు ఎక్కనివ్వనిచో పై మెట్లు ఎన్ని యున్నను ప్రయోజనము లేదు.

కాలము గడిచినకొలది జిల్లా సొసైటీ సభ్యత్వము అనేక ఇతర హక్కులకు తాళపుచెవి అయినది. పలు ఆసుపత్రులు సొసైటీ సభ్యులకే తమ వార్డులలో రోగులను చేర్చి చికిత్స చేయు అనుమతి నిచ్చెను. ప్రత్యేక శాఖలలో శిక్షణ పొందుటకు, నిపుణుడుగా గుర్తింపు పొందుటకు కూడ అదియే ఆధారమాయెను. ఒక నల్లజాతి వైద్యుడు పది సంవత్సరములుగా ఒక కుటుంబమునకు వైద్యము చేయుచున్నాడనుకొనుడు. ఆ ఇంటి తల్లికి ఆపరేషను అవసరమైనచో ఆమెను ఆసుపత్రి వాకిటి వరకు తీసికొనిపోయి మరియొకరికి అప్పగించి వెనుదిరుగవలసినదే. ఆమె సంగతి అంతయు ఎరిగిన డాక్టరు బయట, ఎరుగని డాక్టరు లోపల!

1906 నుండి జాతీయ సంఘము ప్రచురించిన వైద్యుల డైరెక్టరీలో నల్లజాతివారి పేర్ల ప్రక్కన వారి వర్ణమును తెలుపు గుర్తు ఉంచిరి. 1910లో వైద్య కళాశాలలను గూర్చి ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్ గారి ప్రసిద్ధ నివేదిక వెలువడినది. ప్రమాణములను పెంచుటలో అది గొప్ప మేలు చేసినది. అయితే నల్లజాతివారి ఏడు కళాశాలలలో హోవార్డ్, మెహారీ అను రెండింటిని మాత్రమే నిలుపదగినవిగా ఆ నివేదిక ఎంచినది. కొద్ది సంవత్సరములలో మిగిలినవి మూతపడెను. తక్కిన కళాశాలలు ఎక్కువగా వారిని చేర్చుకొనకపోయెను గనుక నల్లజాతి వైద్యుల సంఖ్య పెరుగుటకు మార్గము మూసికొనిపోయినది.

అట్లాంటాలోని ఒక మందిరము

బయట నిలిచినవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1884లో వాషింగ్టనులో వారు తమ స్వంత సొసైటీని స్థాపించుకొనిరి. 1895లో దక్షిణ రాష్ట్రమైన జార్జియాలోని అట్లాంటా నగరములో గొప్ప పారిశ్రామిక ప్రదర్శనము జరిగినది. దాని నిమిత్తము అచ్చటికి వచ్చిన కొద్దిమంది నల్లజాతి వైద్యులు కూడుకొని తమ జాతీయ సంఘమును ప్రారంభించిరి. దానికే తరువాత నేషనల్ మెడికల్ అసోసియేషన్ అను పేరు స్థిరపడినది.

వారు కూడుకొన్న స్థలము ఫస్ట్ కాంగ్రిగేషనల్ చర్చి. అది నల్లజాతి విశ్వాసుల మందిరము. అప్పటికి ఒక్క సంవత్సరము క్రిందటనే హెన్రీ హ్యూ ప్రాక్టర్ అను యువకుడు దానికి పాస్టరుగా వచ్చియుండెను. కూడుకొనుటకు చోటు లేనివారికి ఒక సంఘము తన తలుపు తెరచినది. ఆ చిన్న పని ఫలము నూట ఇరువది సంవత్సరములు దాటి నేటికిని నిలిచియున్నది.

మొదటి అధ్యక్షులు నాష్‌విల్లుకు చెందిన డాక్టర్ రాబర్ట్ ఫుల్టన్ బాయిడ్. ఉపాధ్యక్షులు చికాగోకు చెందిన డాక్టర్ డేనియల్ హేల్ విలియమ్స్. డాక్టర్ విలియమ్స్ 1891లో ప్రావిడెంట్ ఆసుపత్రిని స్థాపించి, అన్ని జాతుల వైద్యులు, నర్సులు కలిసి పని చేయునట్లు చేసిరి. 1893లో గుండె దగ్గర కత్తిపోటు తగిలిన రోగికి రొమ్ము తెరచి, గుండె పైపొరకు కుట్లు వేసి బ్రతికించిన ఘనత కూడ ఆయనదే. ఇట్టి శస్త్రవైద్యునికి జాతీయ సంఘములో ఏ విధమైన అనర్హత యుండెనో పాఠకులే ఆలోచింపవలెను.

ఇంకొక సంగతి. బయటికి త్రోయబడినవారు స్థాపించిన ఈ సంఘము తెల్లవారిని చేర్చుకొనరాదను నియమము పెట్టుకొనలేదు.

స్త్రీలు, గుంటూరు

స్త్రీల విషయములో కథ కొంత వేరుగా నడచినది. ఫిలడెల్ఫియాలో 1850లో స్త్రీలకు ప్రత్యేక వైద్య కళాశాల ఏర్పడినది. 1858లో ఆ జిల్లా మెడికల్ సొసైటీవారు ఆ కళాశాల ఉపాధ్యాయులతోను, పట్టభద్రులతోను కలిసి తమ సభ్యులు రోగిని చూడరాదనిరి. ఆ నిషేధము 1871లో తొలగినది. 1876లో ఇల్లినాయి రాష్ట్రము పంపిన డాక్టర్ సారా హాకెట్ స్టీవెన్సన్ జాతీయ సభలో ప్రతినిధిగా కూర్చుండిన మొదటి స్త్రీ అయిరి. ఆ సభ జరిగినది ఫిలడెల్ఫియాలోనే. అయినను ఫిలడెల్ఫియా జిల్లా సొసైటీ మాత్రము 1888 వరకు ఒక్క స్త్రీని కూడ చేర్చుకొనలేదు. జాతీయ సభ వాకిలి తెరచినను జిల్లా వాకిలి మూసియుండుట ఇచ్చటను కనబడుచున్నది.

ఆ స్త్రీల కళాశాలలోనే 1879లో పట్టము పొందిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో మన గుంటూరుకు వచ్చిరి. మొదట ఆమెను పంపినవారు కూడ వైద్యురాలిగా గాక జనానా పని కొరకే నియమించిరి. రెండు సంవత్సరముల తరువాతనే వైద్య సేవకు నియామకము లభించినది. 1898లో ఆమె తెరచిన ఆసుపత్రి తెలుగు దేశమందు ఎంత పేరు పొందినదో మన పెద్దలకు తెలియును. 1930లో గుంటూరులోనే ఆమె కన్నుమూసిరి. ఆమె బయలుదేరిన నాటికి ఫిలడెల్ఫియా సొసైటీ పుస్తకములో ఏ స్త్రీ పేరును లేదు. గుంటూరు తల్లులు ఆమెను ఏ సొసైటీ సభ్యురాలవని అడుగలేదు.

వాకిలి తెరచుకొన్న విధము

ఇరువదవ శతాబ్దము నడుమ వరకు మార్పు చాల మెల్లగా నడచినది. నేషనల్ మెడికల్ అసోసియేషన్ వారు పట్టుబట్టగా 1939లో డైరెక్టరీలోని వర్ణపు గుర్తును తీసివేయుటకు జాతీయ సంఘము సమ్మతించినది. 1948లో న్యూయార్కు ప్రతినిధులు, జాతి కారణముగా ఏ సొసైటీయు ఎవరిని నిరాకరింపరాదని తీర్మానము తెచ్చిరి. సభ ఒప్పుకొనలేదు. సభ్యత్వము స్థానిక సొసైటీల విషయమని పాత జవాబే వచ్చినది. మరుసటి సంవత్సరము న్యూయార్కువారు డాక్టర్ పీటర్ మార్షల్ మర్రేను తమ ప్రతినిధిగా పంపిరి. ఆ సభలో కూర్చుండిన మొదటి నల్లజాతి వైద్యులు ఆయనే.

1955లో నార్త్ కెరోలైనా సొసైటీవారు ఒక విచిత్రమైన మార్గము కనిపెట్టిరి. నల్లజాతి వైద్యులకు శాస్త్ర విషయముల వరకు సభ్యత్వము నిత్తుమనిరి. సొసైటీ విందులకు, వినోదములకు మాత్రము వారు రాకూడదు. ఉపన్యాసము కలిసి వినవచ్చును గాని కలిసి భోజనము చేయరాదు! పంక్తి భేదమును ఎరిగిన మన దేశస్థులకు దీనిని విడమరచి చెప్పనవసరము లేదు.

అదే రాష్ట్రములోని గ్రీన్స్‌బరో పట్టణములో డాక్టర్ జార్జి సిమ్‌కిన్స్ అను దంతవైద్యులు, మరికొందరు వైద్యులు, రోగులు కలిసి ఆసుపత్రుల మీద దావా వేసిరి. ప్రభుత్వ ధనముతో కట్టిన ఆసుపత్రులు జాతిభేదము పాటింపరాదని 1963లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పినది. ఆ సంవత్సరమే అట్లాంటిక్ సిటీలో జాతీయ సంఘపు సభ జరుగుచుండగా వెలుపల వైద్యులు ప్లకార్డులు పట్టుకొని నిలిచిరి. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చినది. 1965లో వృద్ధుల వైద్యమునకు మెడికేర్ చట్టము వచ్చినది. దానిని పెద్ద సంఘము వ్యతిరేకింపగా నేషనల్ మెడికల్ అసోసియేషన్ బలపరచినది. కట్టకడకు 1968లో జాతీయ సంఘము, జాతిభేదము పాటించు సొసైటీని బహిష్కరించు అధికారమును తన నియమములలో చేర్చుకొన్నది. 1870లో 82 మంది అడిగిన న్యాయము దక్కుటకు తొంబది ఎనిమిది సంవత్సరములు పట్టినది.

1965 వలస చట్టము తరువాత మన తెలుగు వైద్యులు ఎందరో ఆ దేశమునకు పోయిరి. మన సంఘములలో పుట్టి పెరిగినవారును వారిలో ఉన్నారు. వారు పోవుసరికి తలుపు కొంత తెరచియుండెను. దానిని అంతకాలము తట్టుచు నిలిచినవారు నల్లజాతి వైద్యులని మన బిడ్డలు మరువరాదు.

క్షమాపణ, మన పాఠము

2005లో జాతీయ సంఘము తన గతమును విచారించుటకు చరిత్రకారులతో ఒక బృందమును ఏర్పరచినది. వారి నివేదిక 2008 జూలైలో వెలువడినది. ఆ నెలలోనే సంఘము నల్లజాతి వైద్యులకు బహిరంగముగా క్షమాపణ చెప్పినది. అప్పుడే అధ్యక్ష పదవి ముగించిన డాక్టర్ రోనాల్డ్ డేవిస్ నేషనల్ మెడికల్ అసోసియేషన్ సభకు స్వయముగా పోయి ఆ మాట పలికిరి. 2021లో నేథన్ డేవిస్ గారి ప్రతిమను ప్రదర్శన స్థలము నుండి తొలగించిరి. క్షమాపణ మంచిదే. అయితే జక్కయ్య తన పశ్చాత్తాపమును మాటతో ముగింపక, అన్యాయముగా తీసికొన్నదానిని తిరిగి యిచ్చెదనని లెక్క చెప్పెను. ఆసుపత్రి వాకిట తన వైద్యుని పోగొట్టుకొన్న రోగికి, మూతపడిన కళాశాలల వలన చదువు దక్కని యువకునికి ఏ లెక్క ప్రకారము తిరిగి యిత్తురు? ఆ ప్రశ్న మిగిలియే యున్నది.

వైద్యులను నిందించుట నా ఉద్దేశము కాదు. ఆ ఫిలడెల్ఫియా నగరములోనే వైద్యుల సంఘము పుట్టుటకు ఎంతో ముందు, నల్లజాతి విశ్వాసులు తెల్లవారి మెథడిస్టు మందిరములో అవమానము పొంది వెలుపలికి వచ్చిరి. రిచర్డ్ ఆలెన్ నాయకత్వమున వారు వేరుగా కూడుకొన్నందుననే 1816లో ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘము ఏర్పడినది. మన దేశములోను 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్, సంఘములలో కులభేదము ఉండరాదని ఉత్తరువు వ్రాయవలసి వచ్చినది. ఉత్తరువు వ్రాసినంతనే భేదము పోయినదని ఎవరు చెప్పగలరు?

సంఘమునకు నియమములు ఉండవలెను. చదువు లేని వైద్యుని వైద్యుల సంఘము చేర్చుకొనరాదు. అయితే ప్రతి నియమమును రెండు విధములుగా పరీక్షింపవలెను. ఒకటి, అది వ్రాతలో ఏమి చెప్పుచున్నది? రెండు, దాని వలన వాస్తవముగా వెలుపల నిలిచిపోవువారు ఎవరు? వాషింగ్టను సభ మొదటి పరీక్షలో గెలిచి రెండవదానిలో ఓడినది. అన్యాయము జరుగుచుండగా అది క్రింది కమిటీ పని, మా పని కాదు అనుట పెద్దలకు తగదు. ఈ మాట పాస్టరేట్ కమిటీకిని, డయాసిస్ కౌన్సిలునకును, సంఘపు పట్టీ చేతిలో నుంచుకొనిన నావంటి పాస్టర్లకును సమానముగా వర్తించును.

నూరు సంవత్సరముల పట్టీలను ఈ శతజయంతి సందర్భమున మనము తిరుగవేయుచున్నాము. వాటిలోని పేర్లను బట్టి దేవునికి కృతజ్ఞత చెల్లింతము. వాటిలో ఎక్కవలసియుండి ఎక్కని పేర్లు ఏవియో, ఎందువలన ఎక్కలేదో పెద్దలు బ్రతికియుండగానే అడిగి తెలిసికొందము. రాబోవు నూరేండ్ల పట్టీని వ్రాయువారికి ఆ విచారణ మిక్కిలి ఉపయోగపడును.